పై గదిలో రెండో రౌటర్

జూన్ 3

చిరంజీవి తీగకు,

పొద్దున మబ్బు పట్టింది, మధ్యాహ్నానికి విడిచింది. షాపు ముందు మెట్టు కడిగి, షట్టర్ గాడిలో పేరుకున్న మట్టి తీశాను. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అక్క మోకాలి నొప్పి కూడా బాగానే ఉంది, ఎక్కడికీ పోలేదు.

నీతో ఒక పని పడింది. మీ అక్క మళ్లీ లెక్కలు చెబుతానంటోంది. ఎక్కడెక్కడో కూర్చున్న పిల్లలకు కంప్యూటర్లోంచి పాఠం చెప్పే సంస్థ ఒకటి ఉందట. ఈ నెల 24న సాయంత్రం ఏడున్నరకు ఒక పరీక్ష పాఠం చెప్పాలి. వాళ్ల పెద్ద మేడమ్ చూస్తుంది. నచ్చితే ఉద్యోగం. మీ అక్క ఇప్పటికే గోడ మీద సుద్దతో భిన్నాలు రాసి చెరుపుతోంది. పప్పు కలుపుతూ గరిటెతో కూడా ఏదో కూడుతోంది.

చిక్కు ఎక్కడంటే, నెట్ కింద షాపులో ఉంది. మూడు నెలల కిందట పెట్టించాను కదా, ఆ వచ్చినతను పెట్టెను నా బల్ల పక్క గోడకు బిగించి వెళ్లాడు. పైన వెనక గదిలోనే తలుపు పడుతుంది, మంచి బల్ల ఉంది. అక్కడికి నెట్ రాదు. మెట్ల మలుపు దాకా వచ్చి ఆగిపోతుంది, దానికీ మోకాళ్లు నొప్పేమో. ఆవిడను షాపులో కూర్చోబెడదామంటే చుట్టూ కుట్టు మిషన్లు, ఎదురుగా రోడ్డు, మధ్యలో "నా మిషన్ ఎప్పుడిస్తావు" అనేవాళ్లు.

నువ్వు ఆ కొండ మీద ఉద్యోగంలో చేరేటప్పుడు మా మంచం కింద పెట్టి వెళ్లిన పెట్టెలో పాత రౌటర్ ఒకటి కనిపించింది. దాన్ని పైన పెడితే నెట్ వస్తుందా? వస్తే ఎలా పెట్టాలో కాగితం మీద రాయి. నా సంగతి నీకు తెలుసు. కుట్టు మిషన్లు బాగుచేసే పని కూడా నాకు ఎవరూ నేర్పలేదు, డబ్బాలో వచ్చిన కాగితాలే నేర్పాయి. నోటితో చెప్తే తలకెక్కుతుంది గానీ చేతికి దిగదు.

ఉంటాను. బెల్టు తెగిన మిషన్ ఒకటి ఎదురుచూస్తోంది.

బావ

*

జూన్ 7

బావగారికి,

మీ ఉత్తరం సరుకుల వ్యానులో ఉల్లిపాయల బస్తా కింద పడి వచ్చింది. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అభిమానమో ఉల్లో తేల్చుకోలేదు.

ముందు నవ్వాను, ఏమనుకోకండి. మా దగ్గర నక్షత్రాల రేడియో చప్పుళ్లు వినడానికి ఆకాశం వైపు చెవి పెట్టుకుని కూర్చున్న పెద్ద ఇనప పళ్లెం ఒకటుంది. దానికి పొరుగున ఒక్క ఫోను కూసినా చిరాకే. అందుకే ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు, ఆఫీసు కంప్యూటర్లో సొంత ఊసులు రాయనివ్వరు. వంటాయన కరెంటు పొయ్యిని కూడా ఇనప గదిలో పెట్టారు. ఇక్కడంతా తీగలే. చిన్నప్పుడు సన్నగా ఉన్నానని మీ ఆవిడ నాకు తీగ అని పేరు పెట్టింది, ఆఖరికి తీగలు లాగే ఉద్యోగమే దొరికింది. అలాంటి నన్ను పట్టుకుని వైర్‌లెస్ గురించి అడగడం, పథ్యంలో ఉన్నవాణ్ణి విందులో వడ్డించమన్నట్టుంది. అయినా వడ్డిస్తాను.

రౌటర్ అంటే వాకిట్లో కూర్చుని టోకెన్లు ఇచ్చే మనిషి అనుకోండి. ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోనుకూ, కంప్యూటర్‌కూ ఒక నంబరు ఇస్తాడు. ఒకే ఇంట్లో ఇద్దరు టోకెన్లు పంచితే ఒకే నంబరు ఇద్దరికి పడుతుంది, కొట్లాట మొదలవుతుంది. కాబట్టి రెండో రౌటర్‌ను తీగకు కలపకముందే దాని చేత టోకెన్లు మాన్పించాలి.

ముందు దాని వెనక సన్న రంధ్రంలో సూది గుచ్చి కాసేపు నొక్కి పట్టండి. పాత సంగతులన్నీ మరిచిపోతుంది. తర్వాత అక్క కంప్యూటర్‌కు దాన్నొక్కదాన్నే తీగతో కలిపి, దాని అడుగున రాసి ఉన్న నంబరుతో పేజీ తెరవండి. మీ రెండు పెట్టెలదీ ఒకటే నంబరయి ఉంటుంది. దీని చివర ఒకటి ఉన్నచోట రెండు వేయండి. డీహెచ్‌సీపీ అని కనిపిస్తుంది, అదే టోకెన్ల సంచి. దాన్ని ఆపేయండి. వైర్‌లెస్‌కు కింది పెట్టె పేరే పెట్టండి, తాళపు మాట కూడా అదే. ఇవన్నీ అయ్యాక కింది పెట్టె పసుపు రంధ్రం నుంచి పై పెట్టె పసుపు రంధ్రానికి తీగ వేయండి. నీలం రంధ్రం ఖాళీగా వదిలేయండి.

వరస ముఖ్యం. అక్కను కాస్త దూరంగా ఉంచండి. ఆవిడ లెక్కలో జవాబు ముందు రాసి, తర్వాత చేసే మనిషి.

ఆవిడ మళ్లీ పాఠం చెబుతుందంటే నాకు భలేగా ఉంది. చిన్నప్పుడు నాకు ఎక్కాలు చెప్పింది ఆవిడే, ముక్కు పిండి మరీ.

మీ తీగ

*

జూన్ 11

చిరంజీవి తీగకు,

ఎండ. గాలి లేదు. పొద్దున మూడు మిషన్లకు నూనె పెట్టాను.

నీ కాగితం బల్ల మీద పరిచి, గాలికి లేవకుండా కత్తెర పెట్టి చదువుతున్నాను. నేను "టోకెన్ల సంచి" దగ్గరికి వచ్చేసరికి మీ అక్క తీగ గుచ్చేసింది. అదేమంటే, "చదువుతూ కూర్చోండి, ఈలోగా పిల్లలు పదో తరగతి దాటేస్తారు" అంది. ఒక్క నిమిషంలో పైనా లేదు, కిందా లేదు. మిషన్ తీసుకెళ్లడానికి వచ్చిన దర్జీ ఆవిడ ఫోనులో డబ్బు పంపబోతే పోలేదు. నీ నెట్‌కు నా మిషన్ తాకట్టా అని అడిగింది.

తర్వాత మీ అక్కను కూరల సంతకు పంపి, తీగ పీకి, సూది గుచ్చి, నువ్వు చెప్పిన వరసలోనే చేశాను. నీళ్ల గొట్టం పక్కన గోడకు చిల్లు పెట్టి తీగ పైకి లాగాను. ఆవిడ సంచితో తిరిగొచ్చి కంప్యూటర్ తెరిచింది. వచ్చింది. స్నేహితురాలితో మాట్లాడి చూసింది, బొమ్మ ఎక్కడా ఆగలేదు. మీ అక్క నోరు తెరిచి నన్ను మెచ్చుకోలేదు గానీ కాఫీ అడక్కుండానే ఇచ్చింది.

ఇక అసలు సంగతి. పగలంతా బాగుంటుంది, సాయంత్రం పోతుంది. ఏడింటికి షాపు కట్టేసి, పైకెక్కి, చేతులు కడుక్కుని కూర్చునేసరికి లోపల్నుంచి "పోయింది" అని కేక. కంప్యూటర్లో సిగ్నల్ గుర్తు మాత్రం నిండుగానే ఉంటుంది. పొద్దున మళ్లీ వస్తుంది. ఒకరోజు పని తెమలక ఎనిమిదింటి దాకా కిందే ఉండిపోయాను. అప్పటిదాకా ఉండి, నేను ఎక్కగానే పోయింది. అప్పుడు మీ అక్క లెక్క తేల్చింది: "నెట్‌లో ఏం లేదు. మీలోనే ఏదో ఉంది."

పడిన సూదులు ఏరడానికి నా చొక్కా జేబులో అయస్కాంతం ఉంటుంది కదా, ముందు దాని మీద పడింది. కిందే పెట్టి రమ్మంది. పెట్టి వచ్చాను. అయినా పోయింది. ఇక నన్నే కింద పెట్టి రమ్మంది. ప్రస్తుతం నా సాయంత్రం కాఫీ మెట్ల మలుపులో. నెట్ ఆగిపోయిన చోటే నేనూ ఆగాను.

24 దగ్గర పడుతోంది. మీ అక్క నవ్వుతూనే ఉంది గానీ రెండు రోజులుగా గోడ మీద భిన్నాలు రాయడం లేదు. త్వరగా రాయి.

బావ

*

జూన్ 15

బావగారికి,

మీ ఉత్తరం మా భోజనాల గదిలో చదివి వినిపించాను, క్షమించండి. మనిషిని చూడగానే నెట్ పోవడమంటే అలాంటి మనిషి తమకూ కావాలని మా శాస్త్రవేత్తలు అడుగుతున్నారు. ఈ పళ్లెం పక్కన కూర్చోబెడతారట, భోజనం ఉచితం.

నాకు తోచినవి రాస్తాను. పక్కింటివాళ్ల రౌటర్ సాయంత్రాలు మనదానితో పోటీ పడుతోందేమో. ఐతే పేజీలో ఛానల్ అని ఉంటుంది, మార్చి చూడండి. తీగ కొస సరిగా కూర్చోలేదేమో, టక్కుమనేదాకా నొక్కండి. అదీ కాకపోతే నెట్ పోయిన క్షణాన కిందికి వెళ్లి మొదటి పెట్టె దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసి రాయండి. పై పెట్టె సిగ్నల్ నిండుగా ఉండడంలో వింత లేదు. అది తన ఊపిరి తాను పీలుస్తుంది. కింద అసలు ఊపిరి ఉందా అన్నదే ప్రశ్న.

ఇంకొక్క మాట, చిన్నవాణ్ణి, తప్పైతే మన్నించండి. రోజూ మీరు ఇంటికి రాగానే పోతోందని చదివాక అడగాలనిపించింది. అక్క పాఠం చెప్పడం మీకు ఇష్టమేనా? స్కూలు ఊరవతలికి మారినప్పుడు ఆవిడ ఉద్యోగం మానేస్తే మీరు ఔననలేదు, కాదనలేదు. అక్క అప్పట్లో నాతో, "ఆయనకు నేను ఇంట్లో ఉండడమే బాగున్నట్టుంది" అంది. మీరు కావాలని ఏదో చేస్తున్నారనడం లేదు. మనసులో లేని పనికి చెయ్యి అడ్డం తిరుగుతుందంటారు కదా, అందుకని అడిగాను.

కోపం వస్తే ఈ పేజీ చింపేయండి. ఛానల్ సంగతి వెనక వైపు ఉంది, అది మాత్రం చింపకండి.

మీ తీగ

*

జూన్ 19

తీగకు,

రాత్రి వాన పడింది. పొద్దున షాపులోకి వచ్చిన నీళ్లు తుడిచాను.

పేజీ చింపలేదు.

ఛానల్ మార్చాను. తీగ టక్కుమంది. ఏమీ మారలేదు. నిన్న సాయంత్రం మీ అక్క కేక వేయగానే నువ్వు చెప్పినట్టు కిందికి వెళ్లి చూశాను. మొదటి పెట్టె మీద దీపం వెలగడం లేదు. షాపులో ఏ దీపమూ వెలగడం లేదు. వెలగదు. ఎందుకంటే రోజూ షాపు కట్టేటప్పుడు మెయిన్ స్విచ్ దించి వచ్చేది నేనే.

నేను చదివిన ప్రతి మిషన్ కాగితంలోనూ మొదటి వాక్యం ఒకటే: పని ముగియగానే కరెంటు తీసేయండి. ఇన్నేళ్లుగా ఒక్కరోజు కూడా తప్పలేదు. షట్టర్ లాగే చెయ్యి దారిలో స్విచ్ దించుతుంది, నన్ను అడగదు. పై ఇంటికి వేరే మీటరు కాబట్టి పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, నీ పాత పెట్టె వెలుగుతూనే ఉంటుంది, నాకు తట్టలేదు. నీ రౌటర్ తప్పు లేదు. అయస్కాంతం తప్పు కూడా లేదు.

ఇక దించను. మిషన్ల ప్లగ్గులు విడివిడిగా పీకి, మెయిన్ అలాగే ఉంచుతాను. నిన్న మళ్లీ ఎక్కించగానే పైన నెట్ వచ్చింది. మీ అక్క, "అదిగో, ఆయన దిగగానే వచ్చింది" అని తనలో తాను అనుకోవడం వినిపించింది. చెప్పడానికేముంది, పని అయింది కదా అని ఊరుకున్నాను.

నీ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసేది కాదు.

బావ

*

జూన్ 22

బావగారికి,

ఇక్కడ కొండ దారిలో మట్టి విరిగిపడింది. వ్యాను ఎప్పుడు కదులుతుందో తెలియదు. ఈ ఉత్తరం 24 లోపు చేరకపోతే, పరీక్ష పాఠం బాగా జరిగిందని నేను ముందే అనేసుకున్నట్టు లెక్క వేసుకోండి.

మెయిన్ స్విచ్ సంగతి చదివి గట్టిగా నవ్వితే పక్క గదివాడు గోడ కొట్టాడు. ఆడుతున్న నాటకం మధ్యలో తెర దించేసి, నటులకు మాటలు రావడం లేదని బెంగ పెట్టుకున్నాం మనం. అక్క ఎంత నవ్వి ఉంటుందో ఊహించగలను. మీరు ఆ కథ చెబుతుంటే ఆవిడ మొహం చూడాలనుంది. జీవితాంతం మీకు ఇక విముక్తి లేదు, ప్రతి చుట్టం ముందూ ఇదే చెబుతుంది.

నా ప్రశ్న మిమ్మల్ని నొప్పించిందని తెలిసింది. మీ ఉత్తరంలో ఈసారి "చిరంజీవి" లేదు. మా అక్కాతమ్ముళ్లకు నోరు కాస్త పొడుగు, మీరెరిగినదే.

మీ తీగ

*

జూన్ 25

చిరంజీవి తీగకు,

మబ్బు. షాపు తెరవలేదు. నీ 22వ తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది.

నిన్న పాఠం ఆగిపోయింది.

ఏడింటికి షట్టర్ సగం దించి, దీపం, మెయిన్ అలాగే ఉంచి, ఆవిడ చెప్పినట్టు ఇంట్లో అడుగు పెట్టకుండా వీధి చివర దాకా నడవడానికి వెళ్లాను. నేనుంటే పోతుందన్న భయం ఆవిడకు ఉండకూడదని. ఏడున్నర దాటాక వచ్చి చూస్తే షాపు చీకటిగా ఉంది. పైకి పరుగెత్తాను. మీ అక్క కంప్యూటర్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. తెర మీద ఆ మేడమ్ మొహం సగం నోరు తెరిచి ఆగిపోయి ఉంది. పాఠం మొదలుపెడదామని భిన్నం గీత గీసి తలెత్తి చూస్తే ఇలా ఉందట.

నన్ను చూసి నెమ్మదిగా అంది: "కింద మెయిన్ మరిచిపోయి వదిలేసి వెళ్లారండీ, దీపం మెట్ల మీదికి పడుతోంది. ఎప్పుడూ మరిచిపోని మనిషి, వయసు మీద పడిందేమో అనుకుని, ఆ మేడమ్ వచ్చి రెండు నిమిషాలు ఆగమంటే ఈలోగా నేనే దించి వచ్చాను. ఈ మోకాలితో మెట్లు దిగి ఎక్కాను."

స్విచ్ సంగతి ఆవిడకు చెప్పి ఉంటాననుకున్నావు నువ్వు. నేను చెప్పలేదు.

నిలబడే చెప్పాను. "మరిచిపోలేదు. నీ కోసమే వదిలాను. ఇన్నాళ్లూ నెట్ పోయింది నా స్విచ్ వల్ల."

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుంది. "ఆ మాట తెలిసిన రోజే అంటే నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

రాలేవి కావు. అదే అన్నాను. నువ్వు అడిగిన ప్రశ్న కూడా చెప్పాను, నువ్వు అడిగావనే చెప్పాను. స్కూలు మానేసినప్పుడు ఆవిడ ఇష్టానికి అడ్డుపడకూడదని నోరు మూసుకున్నానన్నాను. నా మౌనం చూసి, మానేయడమే నాకు ఇష్టం కాబోలనుకుని మానేశానంది. ఇద్దరం మర్యాద చేసుకున్నాం, మధ్యలో ఉద్యోగం పోయింది. అది విని మీ అక్క నవ్వింది. నవ్వి ఏడ్చింది. తర్వాత మెయిన్ ఎక్కించి రమ్మంది.

నెట్ రాగానే ఆ మేడమ్‌తో తానే మాట్లాడింది. ఏమీ దాచలేదు. మా ఆయన, నేను ఒకరికి తెలియకుండా ఒకరం సాయం చేసుకుంటామండీ, అందుకే ఆగింది, అంది. ఆ మేడమ్‌కు నవ్వొచ్చిందట. 28న మళ్లీ అదే సమయానికి రమ్మంది. ఈసారి ఆగితే ఇక పిలవలేమని కూడా అంది.

పళ్లెం పక్కన కూర్చునే ఉద్యోగానికి నన్ను సిఫారసు చేయకు. నా వల్ల కాదని తేలింది.

బావ

*

జూన్ 28

చిరంజీవి తీగకు,

పగలు ఎండ, సాయంత్రం చల్లబడింది. షట్టర్ గాడికి నూనె వేశాను. లేకపోతే మధ్యలో ఎవరైనా లాగితే ఊరంతా వినిపిస్తుంది.

ఈ ఉత్తరం పాఠం జరుగుతుండగా రాస్తున్నాను. షాపులోనే ఉన్నాను, మెయిన్ కింద స్టూలు వేసుకుని. దాన్ని ఎవరు ముట్టుకోవాలన్నా నన్ను దాటాలి. మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ముందే మాట్లాడుకున్నాం. ఆవిడ ఏమేం ముట్టుకోదో చెప్పింది, నేనేం ముట్టుకోనో చెప్పాను. పెళ్లి మాటలకు కూడా ఇంతసేపు పట్టలేదు.

దీపం చూసి షాపు తెరిచే ఉందనుకుని దర్జీ ఆవిడ వచ్చింది. మిషన్ దారం లాగడం లేదని మొదలుపెట్టింది. పైకి వేలు చూపించి, పాఠం జరుగుతోందని గుసగుసగా చెప్పాను. ఆవిడ కూడా గుసగుసగానే, "లెక్కలా? మా అమ్మాయికీ చెప్పమను" అని మిషన్ వదిలేసి చెప్పులు చేత పట్టుకుని వెళ్లింది.

పైనుంచి మాటలు వినిపించవు గానీ గొంతు వినిపిస్తోంది. ఒక రొట్టెను నలుగురికి పంచడం దగ్గర మొదలుపెట్టిందనుకుంటాను. అది ఆవిడకు ఇష్టమైన చోటు. గొంతు కొంచెం పెరిగింది, తగ్గింది. ఒకసారి నవ్వింది. స్కూల్లో చెప్పే రోజుల్లో ఎలా నవ్వేదో నాకు గుర్తు లేదు. ఇది విన్నాక గుర్తొచ్చింది.

ఇప్పుడు గొంతు ఆగింది. పెట్టె వైపు చూశాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి. నెట్ కాదు. పైకి వెళ్లి చూడాలనుంది, స్టూలు మీదే కూర్చున్నాను. కుర్చీ జరిపిన చప్పుడైంది. మెట్లు దిగుతోంది, ఒక్కో మెట్టూ ఆగి ఆగి.

దిగి వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారట, రోజూ సాయంత్రం. ఆఖరున ఆ మేడమే ఒక లెక్క తప్పు చెబితే దిద్దిందట. అది కూడా చెప్పింది, ఎంత నిదానంగా దిద్దిందో నటించి చూపించింది. ఇప్పుడు ఎదురుగా దర్జీ ఆవిడ మిషన్ మీద మోచేతులు ఆనించి నిలబడి, నేను రాస్తుంటే చూస్తోంది. "వాడికి పేజీలకు పేజీలు రాస్తారు. నాకు చెప్పండి, ఇంతసేపూ కింద ఏం చేశారు? మొదటి నుంచి చెప్పండి" అంటోంది.

ఒక్క నిమిషం అన్నాను. ఇవాళ్టి పని రాసి ముగిస్తాను. పొద్దున ఒక మిషన్‌కు బెల్టు మార్చాను. మధ్యాహ్నం ఇంకోదానికి మోటారు విప్పి, బ్రష్‌లు అరిగిపోతే కొత్తవి వేసి, పెడల్‌కు... మిగతాది ముందు ఆవిడకే చెబుతాను.